పెద్దది డ్యూటీకి రావడం లేదు

సోమవారం

చిరంజీవి తోకచుక్కకు,

మేనత్త ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం, నా లాప్‌టాప్ క్షేమం కాదు. నువ్వు ఇంకా అదే ఉద్యోగంలో ఉన్నావని తలుస్తాను. ఈ ఉత్తరం చేరేలోపు మారిపోయి ఉంటే కొత్త చిరునామా రాయి.

విషయం ఏమిటంటే, నేనొక లారీల ఆట కొన్నాను. నవ్వకు. కొండదారిలో ముప్పై దూది బేళ్లు ఎక్కించుకుని, ఒక్కటి కూడా జారిపోకుండా కిందికి చేర్చాలి. షాపతను చూపించినప్పుడు లారీ నీళ్ల మీద పడవలా వెళ్లింది. ఇంటికి తెచ్చాక మలుపు మలుపుకీ ఆగి, ఆలోచించుకుని, అప్పుడు కదులుతోంది. నేను స్టీరింగ్ తిప్పిన కాసేపటికి అది తిరుగుతుంది. అప్పటికి నేను లోయలో ఉంటాను.

సరదా కోసమే అయితే నీకు రాసేదాన్ని కాదు. రూళ్లకర్రతో పందెం పడింది. గుర్తున్నాడా, ఎప్పుడూ చంకలో రూళ్లకర్రతో తిరిగేవాడు? మా నూలు మిల్లులో మొదటి షిఫ్టు నాది, రెండో షిఫ్టు ఆయనది. పంతొమ్మిదేళ్ల కిందట, సరిగ్గా షిఫ్టు మారే పది నిమిషాల్లో, పద్నాలుగో నంబరు మెషీను గేర్లు విరిగాయి. నడుస్తున్నదే అప్పగించానని నేను, విరిగినదే తీసుకున్నానని ఆయన. అప్పగింతల పుస్తకంలో 'కారణం' అనే గడి ఆ రోజు నుంచీ ఖాళీ. మిల్లు మూతపడ్డా ఆయన ఆ పుస్తకాన్ని ఇంట్లో దాచుకున్నాడు. వచ్చే నెల చివరి ఆదివారం, పాత మిల్లువాళ్లందరి ముందూ గంటసేపు లారీల ఆట. ఓడినవాళ్లు ఆ గడిలో తమ పేరు రాయాలి. ఆయన లారీ వెన్నలా నడుస్తోందట, కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.

ఏం చేయాలో రాయి. ఫోన్ చేయకు. నోటిమాట మీద నేను ముప్పై ఒక్కేళ్లలో ఒక్క బోల్టు కూడా తిప్పలేదు. కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టు.

ఇట్లు,
మొదటి షిఫ్టు ఇన్‌ఛార్జి (విశ్రాంత), అనగా మీ అత్త

తా.క.: ఆడేటప్పుడు జుట్టు ముడేసుకుంటున్నాను, గాజులు తీసేస్తున్నాను, మిల్లులో పాటించిన జాగ్రత్తలన్నీ పాటిస్తున్నాను. తప్పు నా వైపు లేదు.


గురువారం

పూజ్యురాలైన అత్తకు,

నమస్కారాలు. ఉద్యోగం అదే. బీమా ఆఫీసులో, పగిలిన అద్దాల మీద జనం పెట్టుకున్న అర్జీలు చదివి 'ప్రమాదానికి కారణం' అనే గడి నింపుతాను. రోజుకు నలభై. కాబట్టి ఖాళీ గడి అంటే ఎంత దురదో నాకు తెలుసు.

ఇక నీ లారీ. నీ లాప్‌టాప్‌లో తెర మీద బొమ్మలు గీసేవాళ్లు ఇద్దరున్నారు. ఒకటి, ప్రాసెసర్‌లోనే ఓ మూల కాపురం పెట్టిన చిన్న గ్రాఫిక్స్. ఉత్తరాలు, ఫొటోలు, లెక్కలు, అన్నీ అదే చూసుకుంటుంది. తక్కువ తింటుంది, తక్కువ మోస్తుంది. రెండోది విడిగా బిగించిన గ్రాఫిక్స్ కార్డు. పెద్దది. ఆటల బరువు మోయడానికే దాన్ని పెట్టారు. కానీ లాప్‌టాప్ మహా పిసినారి. ఏ పని వచ్చినా ముందు చిన్నదానికే చెబుతుంది. నీ ముప్పై బేళ్ల లారీని పాపం ఆ చిన్నదే లాగుతోందని నా అనుమానం.

చేయాల్సింది ఇది: సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్. అక్కడ ఆట పేరు ఉంటుంది. దాని మీద నొక్కి, ఆప్షన్స్‌లో 'హై పర్ఫార్మెన్స్' ఎంచుకుని సేవ్ చెయ్యి. ఆట మూసి మళ్లీ తెరువు.

ఇట్లు,
నీ మేనకోడలు
(సంతకం కూడా పెట్టాను, చూసుకో)

తా.క.: ఇది ఫోనులో మూడు నిమిషాల పని. కాగితం మీద మూడు టీలు పట్టింది.


ఆదివారం

చిరంజీవి కోడలు పిల్లకు,

ఆశీస్సులు. నీ ఉత్తర్వు అందింది. రెండుసార్లు పైకి చదివి, కింద 'చదివాను' అని రాసి, అమలు చేశాను.

ఆటకు హై పర్ఫార్మెన్స్ ఇచ్చాను. తర్వాత చూస్తే ఆ పట్టీలో ఇంకా ఇరవై రెండు పేర్లున్నాయి. క్యాలిక్యులేటరు, గడియారం, వాతావరణం చెప్పేది, ఏవేవో. అన్నీ ఆ చిన్నదాని నెత్తిన. పెద్దది ఉండగా చిన్నది ఇంత చాకిరీ చేయడమేమిటని కడుపు మండింది. అన్నిటికీ హై పర్ఫార్మెన్స్ ఇచ్చేసి, చిన్నదానికి వారం సెలవు రాశాను. డ్యూటీ చార్టు గీసి గోడకు అంటించాను.

లారీ మాత్రం అలాగే ఉంది. మూడో మలుపులో లోయ.

అప్పుడు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. 'పవర్ సేవింగ్' కింద ఒక కార్డు పేరుంది. 'హై పర్ఫార్మెన్స్' కింద కూడా, అక్షరం పొల్లు పోకుండా, అదే పేరు! ఇది నాకు కొత్త కాదు. మా షిఫ్టులో ఒకడు ఏడు నెలలపాటు తన అన్న పేరుకు కూడా సంతకం పెట్టాడు. దొంగ హాజరు! పెద్దది అసలు డ్యూటీకే రావడం లేదు. చిన్నదే రెండు సంతకాలూ పెడుతోంది.

షాపుకెళ్లి అడిగాను. "రెండూ ఉన్నాయమ్మా, ఇదిగో మూత మీద స్టిక్కరు" అన్నాడు. స్టిక్కరు ఉంటే మనిషి ఉన్నట్టేనా? విచారణ మొదలుపెడుతున్నాను.

ఇట్లు,
మీ అత్త

తా.క.: దొంగ హాజరు పెట్టినవాడు మంచి పనివాడే. ఆ చిన్నదాన్నీ తిట్టలేకపోతున్నాను.


బుధవారం

పూజ్యురాలైన అత్తకు,

నమస్కారాలు. దయచేసి గడియారాన్నీ వాతావరణాన్నీ పెద్దదాని మీదనుంచి దించు. ఎండ కాస్తోందని చెప్పడానికి అంత బలం అక్కర్లేదు.

కానీ రెండు వరుసల్లో ఒకే పేరా? ఈ మాట చదివాక నాకు ఆఫీసులో పని సాగలేదు. ఒక అర్జీలో 'కారణం' అన్నచోట 'పెద్దది కనబడుట లేదు' అని రాసేశాను. మా మేనేజరు అది చదివి, కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, కాగితం మళ్లీ నా బల్ల మీదే పెట్టి వెళ్లాడు.

రెండు పనులు చెయ్యి. ఒకటి, కార్డు తయారుచేసిన కంపెనీ సైటునుంచి దాని సాఫ్ట్‌వేరు కొత్తది తెచ్చి ఎక్కించు. రెండు, టాస్క్ మేనేజరు తెరిచి 'పర్ఫార్మెన్స్' అనే పేజీ చూడు. అదే దాని హాజరుపట్టీ. ఎవరున్నారో, ఎవరు ఎంత శాతం పని చేస్తున్నారో గీతలు గీసి చూపిస్తుంది. అప్పటికీ పెద్దది రాకపోతే చిన్నదాన్ని పూర్తిగా ఆపేసి చూద్దాం. పని చేసేవాళ్లు లేకపోతే అదే వస్తుంది.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: డ్యూటీ చార్టు ఫొటో పంపు. ఫొటో కూడా పోస్టులోనే వస్తుందని తెలుసు.


శనివారం

తోకచుక్కకు,

ఆశీస్సులు. నీ ఉత్తర్వులో మొదటి రెండూ అమలు చేశాను. మూడోదానికి ఒప్పుకోను. నోటీసు లేదు, విచారణ లేదు, డ్యూటీకి వచ్చినదాన్ని ఆపేస్తావా, రానిదాన్ని రప్పించడానికి? నా షిఫ్టులో అలా జరగలేదు, జరగదు. బీమా ఆఫీసు గాలి నీకు పడినట్టు లేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. నిన్న ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ హాజరుపట్టీ తెరిచే ఉంది. ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని చూస్తున్నాను. ఇద్దరూ ఉన్నారే! ఒకదాని పేరు జీపీయూ సున్నా, రెండోదాని పేరు జీపీయూ ఒకటి. (పని చేసేదాన్ని సున్నా అనడం ఏం మర్యాద?) పెద్దది దర్జాగా కూర్చుంది, పని సున్నా శాతం. 'దొరికావు' అనుకుని, జుట్టు ముడేసుకుని, ఆడడానికి సిద్ధమై చేయి వేయబోయాను. మాయం! పట్టీలో జీపీయూ సున్నా మాత్రమే మిగిలింది.

ఇవాళ మూడుసార్లు పరీక్షించాను. దూరం నుంచి చూస్తే ఉంటుంది. నేను చేయి వేసే సమయానికి పోతుంది. ముప్పై ఒక్కేళ్లలో నన్ను చూసి దాక్కున్న పనివాళ్లు చాలామంది. ఇంత చురుగ్గా దాక్కున్నది ఇదే.

ఇట్లు,
మీ అత్త

తా.క.: రూళ్లకర్ర బజారులో కనబడి, "ప్రాక్టీసు ఎంతవరకు వచ్చింది?" అన్నాడు. "కార్మిక సమస్య నడుస్తోంది" అన్నాను. కంగారుపడ్డాడు.


మంగళవారం

అత్తకు,

నమస్కారాలు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు ఇప్పటిదాకా దొరికిన కారణాల్లో ఒక్కటీ ఇంత బాగా లేదు. చేయి వేస్తే మాయమవుతుందా!

నా ఊహలు: లోపల ఏదో తీగ వదులై, నువ్వు చేయి ఆనించగానే కదులుతోందేమో. నీ ముంగురుల్లోని కరెంటేమో. పక్క సీటావిడ, "మీ అత్త చేయి బరువా?" అంది. మధ్యాహ్నం నా లాప్‌టాప్ మీద అన్ని రకాలుగా చేతులు వేసి చూశాను. నాది రెండూ ఉన్నచోటే ఉన్నాయి. ఆఫీసులో అందరూ నన్ను చూశారు.

అత్తా, ఊహలతో గడి నిండదు. పందెం పన్నెండు రోజుల్లో ఉంది. కుర్చీలోంచి లేచిన క్షణం నుంచి మొదటి మీట నొక్కేదాకా నువ్వు చేసే ప్రతి పనీ, ఎంత చిన్నదైనా, మిల్లులో రాసినట్టు వరుసగా రాయి. 'ఇది అందరికీ తెలిసిందే కదా' అని ఒక్కటీ వదలకు. మా అర్జీల్లో అసలు కారణం ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: చిన్నదాని విషయంలో నాదే తప్పు. దానికి క్షమాపణ చెప్పానని చెప్పు.


శుక్రవారం

చిరంజీవి కోడలు పిల్లకు,

ఆశీస్సులు. అడిగావు కనుక రాస్తున్నాను. లేస్తాను. టీ గ్లాసు కిటికీలో పెడతాను, మెషీను దగ్గర ద్రవాలు ఉండకూడదు. కొంగు బిగించి దోపుతాను. జుట్టు ముడి. గాజులు తీసి డబ్బాలో వేస్తాను. చుట్టుపక్కల ఎవరూ లేరు కదా అని చూసి, ఎవరూ లేకపోయినా, "చేయి పెడుతున్నా!" అని ఒక్క కేక వేస్తాను. ప్లగ్గు పీకుతాను. వైరు చుట్టి నాకు కనబడేలా బల్ల మీద పెడతాను. కూర్చుంటాను. చేయి వేస్తాను. అప్పటికి పెద్దది ఉండదు.

ఇందులో ఏముంది? బడికి వెళ్లే పిల్ల కూడా ఇలాగే చేస్తుంది.

ఇట్లు,
మీ అత్త

తా.క.: క్షమాపణ చెప్పాను. గీత కాస్త పైకి లేచింది.


సోమవారం

అత్తా!!!

నమస్కారాలు. ప్లగ్గు!

గోడలో ప్లగ్గు ఉంటేనే నీ పెద్దది డ్యూటీకి వస్తుంది. బ్యాటరీ మీద నడుస్తున్నంతసేపూ ఛార్జి మిగల్చడానికి లాప్‌టాపే దాన్ని ఇంటికి పంపేస్తుంది. ఆ ఏర్పాటు కంపెనీవాళ్లు చేసి పంపిందే. షాపులో ప్లగ్గు ఉంది కాబట్టి పడవలా వెళ్లింది. కుర్చీలో కూర్చుని చూసినప్పుడూ ప్లగ్గు ఉంది. అది నిన్ను చూసి దాక్కోవడం లేదు. పంపిస్తున్నది నువ్వే. పైగా కేకవేసి మరీ పంపిస్తున్నావు.

నాకు ముందే తట్టాల్సింది. నా చిన్నప్పుడు నువ్వు ఇస్త్రీపెట్టె వేడెక్కాక ప్లగ్గు పీకి, చల్లారేలోపు ఒక చొక్కా చేయి పూర్తిచేసి, మళ్లీ పెట్టేదానివి. నాన్న చొక్కా ఒక్కటి పూర్తవడానికి ఒక మధ్యాహ్నం పట్టేది.

బ్యాటరీ మీద కూడా పెద్దదాన్ని ఉంచేలా ఆ ఏర్పాటు మార్చొచ్చు. కానీ అప్పుడది సగం బలంతోనే లాగుతుంది, నలభై నిమిషాల్లో ఛార్జి అయిపోతుంది. మీ పందెం గంట. కాబట్టి ఉత్తర్వు ఒక్కటే: ప్లగ్గు పీకకు.

ఇట్లు,
నీ మేనకోడలు (సంతకం రెండుసార్లు)


బుధవారం

తోకచుక్కకు,

ఆశీస్సులు. ఉత్తర్వు చదివాను. కుదరదు. మెయిన్ స్విచ్ ఆపకుండా మెషీను మీద నేను చేయి వేయను. ఓడిపోతాను, పోనీ.

ఇట్లు,
అత్త


గురువారం

పూజ్యురాలైన అత్తకు,

నమస్కారాలు. ఇది పందేనికి ముందురోజు చేరుతుంది. బలవంతపెట్టను. లాప్‌టాప్‌లో గేర్లు లేవు, చేయి ఇరుక్కునే చోటు లేదు అని నీకు తెలుసు, అయినా కుదరదన్నావు. అంటే నీ భయం లాప్‌టాప్‌ది కాదు. అక్కడితో ఆగుతాను. అర్జీదారుణ్ని గుచ్చి గుచ్చి అడగకూడదని మా ఆఫీసు నియమం, నాకు చాలా కష్టమైన నియమం.

గెలిచినా ఓడినా, పెద్దది పని చేస్తుంటే ఆ కొండదారి ఎలా ఉంటుందో ఒక్కసారి చూడు. అంతే.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: నాన్నను అడిగాను. నీకు ఈ ప్లగ్గు అలవాటు మొదటినుంచీ లేదట. మధ్యలో ఎప్పుడో వచ్చిందన్నాడు. ఎప్పుడో ఆయనకు గుర్తులేదు. నీకు గుర్తుందా?


సోమవారం

చిరంజీవి తోకచుక్కకు,

మేనత్త ఆశీస్సులు. నిన్న పందెం జరిగింది. వరుసగా రాస్తాను, ఏదీ వదలను.

పాత మిల్లువాళ్ల రీడింగ్ రూములో క్యారమ్ బోర్డు తీసేసి ఆ బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు ఎదురెదురుగా పెట్టారు. మూతల వెనకనుంచి ఒకరికొకరం నుదుళ్ల వరకే కనబడుతున్నాం. జుట్టు ముడేశాను. గాజులు తీశాను. "చేయి పెడుతున్నా!" అని కేకవేస్తే గదిలో పద్దెనిమిది మంది అలవాటుకొద్దీ ఒక అడుగు వెనక్కి వేశారు. వంగి ప్లగ్గు పట్టుకున్నాను. నీ తా.క. గుర్తొచ్చింది. వదిలేశాను.

మొదటి మలుపులో ప్లగ్గు వైపు చూస్తుండగా బేలు ఒకటి జారింది. ఆ తర్వాత, ఏం చెప్పమంటావే, పెద్దది లాగుతుంటే టార్పాలిన్ తాడు పీచు కూడా కనబడుతోంది! అద్దం మీద వానచినుకు పాకుతుంటే ఏ వైపు పాకుతుందో చూస్తూ రెండో మలుపు మరిచిపోబోయాను. నేను తిప్పినప్పుడే తిరిగింది. ఇరవై తొమ్మిది బేళ్లు దించాను. ఆయన పద్నాలుగు.

అందరూ చప్పట్లు. రూళ్లకర్ర మాట తప్పే మనిషి కాదు. సంచిలోంచి అప్పగింతల పుస్తకం తీశాడు, పేజీ తెరిచాడు, కలం మూత తీశాడు. తన పేరు రాయబోతున్నాడు. నేను కలం లాక్కున్నాను.

నాకు గుర్తుంది కోడలా. పంతొమ్మిదేళ్లయింది. షిఫ్టు అయిపోవడానికి అయిదు నిమిషాలుంది. రోలరుకు నూలు చుట్టుకుంది. మెయిన్ ఆపితే మెషీను మళ్లీ వేగం అందుకోవడానికి పది నిమిషాలు, ఇంటికెళ్లాలని తొందర. ఆపకుండానే కత్తెర పెట్టాను. కత్తెర జారి గేర్లలో పడింది. వేళ్లు దక్కాయి. అప్పటినుంచీ ప్లగ్గు పీకకుండా నేను దేని మీదా చేయి వేయలేదు. 'కారణం' గడిలో నా పేరు రాసి, పక్కన 'మెయిన్ ఆపలేదు' అని రాసి, సంతకం పెట్టాను.

రూళ్లకర్ర జేబులోంచి ఓ చిన్న పొట్లం తీసి నా ముందు పెట్టాడు. నా కత్తెర. ఒక వైపు కొన విరిగి ఉంది. "ఆ రోజే దొరికింది గేర్ల మధ్య. పిడికి నీ ఎర్రదారం చుట్టి ఉంది" అన్నాడు.

"మరి పంతొమ్మిదేళ్లు చెప్పలేదేం?"

"ఎవరు విరగ్గొట్టారో నాకెందుకమ్మా? ఆ పుస్తకంలో గీతలన్నీ నేను గీసినవి. ఒక్క గడి ఖాళీగా ఉంటే నాకు అన్నం సయించదు. నువ్వు రాయవు. ఈ ఆదివారంతో ఎవరో ఒకరం నింపితే చాలనుకున్నాను. నా పేరైనా సరే."

అని, సిరా ఆరిందా లేదా అని వేలితో తాకి చూసి, రూళ్లకర్రతో కింద ఒక గీత గీసి, పుస్తకం మూశాడు. మొహం కడిగినట్టుంది.

నువ్వు ఆ ఉద్యోగం మానకు. నీకు అది పడింది.

ఇట్లు,
మీ అత్త

తా.క.: గెలిచానని పొంగిపోకు. ఆయన పక్కకెళ్లి చూశాను. ఆయన లారీ కూడా మలుపు మలుపుకీ ఆగి ఆలోచిస్తోంది. వెన్నా లేదు, ఏమీ లేదు, అంతా గొప్పలు. బల్ల మీద వైరు చక్కగా చుట్టి పెట్టి ఉంది. "ఇదేమిటి, ప్లగ్గు పీకారేం?" అంటే, "ఆ కత్తెర చూసిన రోజు నుంచి నేను మాత్రం పీకకుండా చేయి వేస్తానా?" అన్నాడు. సమానంగా లేని పందెం నా షిఫ్టులో చెల్లదు, రద్దు చేశాను. ప్లగ్గు సంగతి నోటితో చెబితే వినడం లేదు. ఆయన పేరున కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి పంపు.